శివారుకు నీళ్లు రావాలంటే లెక్కలేం చెబుతాయి? దాళ్వా వంతులు, నమ్మకం, గేమ్ థియరీ

శివారుచేను (మొగల్తూరు వైపు)

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, ఇది రాజకీయాల చర్చ కాదు.

మాది గోదావరి పశ్చిమ డెల్టాలో శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరి పొలాలు. విజ్జేశ్వరం దగ్గర వదిలిన నీరు మా బోదెలోకి (చేలకి నీరిచ్చే పిల్లకాలువ) వచ్చేసరికి ఎన్ని తూములు దాటాలో డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, గొడవ లేదు. రెండో పంట దాళ్వాలో గోదావరి తగ్గి, వంతులవారీ విధానం పెట్టగానే మొదలవుతుంది. వంతు మాది, నీళ్లు ఎగువవాళ్లవి. రాత్రిపూట బోదెకి అడ్డంగా గడ్డి కుక్కి ఆయిలింజన్ వేస్తారు. తెల్లారేసరికి మా వైపు బోదెలో అడుగు మట్టి కనిపిస్తూ ఉంటుంది. వరి చిరుపొట్ట మీద ఉన్నప్పుడు ఒక తడి తప్పితే ఇంక ఆ చేను గురించి మాట్లాడుకోవడానికేం ఉండదు.

మా అబ్బాయి డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నాడు. గేమ్ థియరీ అని పాఠం ఉందట, ఎదుటివాడు ఏం చేస్తాడో చూసుకుని మనం ఏం చెయ్యాలో లెక్క కట్టేది. ఇద్దరు ఖైదీల లెక్క చెప్పాడు. ఒకరినొకరు నమ్ముకుంటే ఇద్దరికీ మేలు, కానీ ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే ఇద్దరూ మోసం చేసుకుంటారు, లెక్క ప్రకారం అదే తెలివైన పని అని. వినగానే మనసు కలుక్కుమంది. అంటే మా ఎగువాయన చేసేది తెలివైన పనేనా? మరి మా నాన్న హయాంలో ఇదే బోదె మీద, ఇవే భూములకి వంతు తప్పకుండా ఎలా నడిచింది? అప్పటివాళ్లు మంచోళ్లు, ఇప్పటివాళ్లు చెడ్డోళ్లు అంటే నేను ఒప్పుకోను. వాళ్ల పిల్లలమే కదా మనం. తెలిసినవాళ్లు చెప్పండి, ఈ లెక్కల్లో మాకు పనికొచ్చేదేమైనా ఉందా?

లెక్కలమాస్టారు (అమలాపురం)

శివారుచేను గారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి, కాకపోతే అది మొదటి పాఠం మాత్రమే. ఆ లెక్కని 1950లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే ఇద్దరు కట్టారు. దానికి ఖైదీల కథ అల్లింది ఆల్బర్ట్ టక్కర్ అనే గణిత ప్రొఫెసరు. మన బోదె మీద పెట్టి చూద్దాం.

ఎండాకాలం కాలువలు కట్టేశాక పూడిక తీయాలి. ఇద్దరు రైతులు అనుకోండి. ఇద్దరూ దిగి తీస్తే చెరో 3 మార్కులు. ఒకాయన తీసి రెండో ఆయన ఎగ్గొడితే, ఎగ్గొట్టినాయనకి ఊరికే నీరొచ్చింది కాబట్టి 5, ఒళ్లు హూనం చేసుకున్నాయనకి 0. ఇద్దరూ మానేస్తే చెరో 1. ఇప్పుడు నా వైపు నుంచి చూడండి. అవతలాయన తీస్తే నాకు ఎగ్గొట్టడమే లాభం, 3కి బదులు 5 వస్తుంది. ఆయన ఎగ్గొడితే నేనూ ఎగ్గొట్టడమే లాభం, 0కి బదులు 1 వస్తుంది. ఆయన లెక్కా ఇదే. చెరో 3 తెచ్చుకోగలిగిన ఇద్దరం చెరో 1తో మిగులుతాం.

అయితే ఇదంతా ఒక్కసారి ఆడి లేచిపోయే ఆటకి. బోదె ఏటా పూడుతుంది, అవతలాయన ఏటా అక్కడే ఉంటాడు. 1980 ప్రాంతంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే ఆయన కంప్యూటర్ మీద ఒక పోటీ పెట్టాడు. పై ఆటనే, ఈ మార్కులతోనే, ప్రతి జోడీ 200 సార్లు ఆడాలి. ఎకనామిక్స్ వాళ్లు, సైకాలజీ వాళ్లు, లెక్కలవాళ్లు 14 పథకాలు పంపారు. అందులో అన్నిటికంటే చిన్నది అనటోల్ రాపొపోర్ట్ పంపినది: మొదటిసారి సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి. అదే గెలిచింది. ఫలితాలు అందరికీ చెప్పి రెండో పోటీ పెడితే 62 పథకాలొచ్చాయి, దీన్ని ఓడించడానికే కట్టినవి కూడా ఉన్నాయి. మళ్లీ అదే గెలిచింది.

ఇందులో నన్ను ఎప్పుడూ పట్టి నిలబెట్టేది ఒకటుంది. ఆ పథకం ఏ ఒక్క జోడీలోనూ ఎదుటివాడి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోదు, తెచ్చుకోలేదు కూడా. ఎవరినీ ఓడించకుండానే మొత్తం మీద ముందుంది, ఎందుకంటే దాంతో ఆడిన చాలామంది సహకరించడంలోకి దిగారు.

దీనికో షరతు ఉంది, మీ ప్రశ్నకి అదే ముఖ్యం. మళ్లీ ఇదే మనిషితో పని పడుతుందన్న భరోసా ఉండాలి. ఈ మార్కులతో లెక్క కడితే ఆ అవకాశం కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. అంతకంటే తగ్గితే దెబ్బకి దెబ్బ, మంచికి మంచి అన్న పద్ధతి నిలబడదు. మనుషులు మారనక్కర్లేదండి, ఆ అవకాశం తగ్గితే చాలు, అదే మనిషి వేరేలా నడుచుకుంటాడు.

కోటిపల్లిరేవు (ఊరు కోటిపల్లి, ఉండేది హైదరాబాద్)

మాస్టారూ, బాగా చెప్పారు. కానీ ఆక్సెల్‌రాడ్ పోటీలో ఎదుటివాడు ఏం చేశాడో ఇద్దరికీ కచ్చితంగా తెలుస్తుంది. బోదె మీద అలా ఎక్కడ తెలుస్తుంది? నీరు తగ్గిందంటే ఎగువాయన లాగేసి ఉండొచ్చు, గట్టుకి ఎండ్రకాయ బొరియ పడి ఉండొచ్చు, పైనుంచే తక్కువ వదిలి ఉండొచ్చు. పొరపాటున ఎదుటివాడు మోసం చేశాడనుకుని మీరు బదులు తీర్చుకుంటే, దానికి ఆయన తీర్చుకుంటాడు, దానికి మళ్లీ మీరు. అలా మొదలైన తగాదాలు రెండు తరాలు నడిచిన ఇళ్లు మన జిల్లాల్లో లేవా?

దీని మీద 1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ పని చేశారు. పొరపాట్లు జరిగే లోకంలో దెబ్బకి దెబ్బ పథకం కంటే కొంచెం ఉదారంగా ఉండేది మెరుగని తేల్చారు. మంచికి ఎప్పుడూ మంచే, చెడ్డకి మాత్రం మూడింట ఒకసారి చూసీచూడనట్టు వదిలెయ్యడం. మాస్టారు చెప్పిన మార్కులకి ఆ మూడో వంతు అన్న అంకె లెక్క కడితే వస్తుంది. అంతకంటే ఎక్కువ క్షమిస్తే ఎదుటివాడు నెత్తినెక్కుతాడు.

పాతలస్కరు (తణుకు)

నేను కాలువ మీద లస్కరుగా, అంటే తూములూ షట్టర్లూ చూసే పనివాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. కోటిపల్లి బాబు అన్నాడు, ఎవరు లాగారో ఎలా తెలుస్తుందని. తెలుస్తుంది బాబూ, చూసేవాడుంటే.

తూము గోడ మీద నీరు నిలిచిన చోట తడి గీత ఉంటుంది. షట్టరు రాత్రంతా దింపే ఉంటే ఆ గీత ఎగువ వైపు పైకి, దిగువ వైపు కిందకి, రెండూ తేటగా ఉంటాయి. నడిరేయి ఎత్తి తెల్లవారుజామున దింపేశారనుకో, దిగువ గోడకి ఒండ్రు పూత పచ్చిగా అంటుకుని ఉంటుంది, వేలితో రాస్తే వస్తుంది. సాయంత్రం నేను షట్టరు మరకి గడ్డిపరక చుట్టి పోయేవాణ్ణి. పొద్దున్న అది తెగి ఉంటే ఎవరో తిప్పారన్నమాటే. ఇక ఇంజన్ వేసిన చోట గట్టు మీద పైపు ఒరుసుకున్న గాడి పడుతుంది, నీళ్ల మీద నూనె పొర తేలుతుంది. ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలుసు, లస్కరుకి తెలుసునన్న సంగతీ అందరికీ తెలుసు. కేసులూ జుల్మానాలూ కాదు, పొద్దున్నే టీకొట్టు దగ్గర "రాత్రి మీ తూములో గడ్డిపరక తెగిందేంటి అబ్బాయ్" అని నలుగురిలో అడిగితే చాలు, వారం దాకా మళ్లీ ముట్టుకునేవాడు కాదు.

ఇప్పుడు ఒక్కో లస్కరుకి ఎంత దూరం కాలువ ఉందో చూడండి. ఆయన సైకిలు తొక్కేలోపు నీళ్లు అయిపోతాయి.

ఇంకొకటి. శివారుచేను గారి నాన్నగారి రోజుల్లో వంతు ఎందుకు నడిచిందంటే, ఎండాకాలం పూడికకి ఇంటికో మనిషి పార పట్టుకుని రావాలి. ఎగువ ఉన్నది పదిళ్లయితే శివారులో ముప్పై ఇళ్లు. ఆ ముప్పై మందీ రాకపోతే తల దగ్గర పూడిక ఎగువోళ్లు తియ్యలేరు. అందుకని వంతు దగ్గర మర్యాద పాటించేవారు. ఇప్పుడు జేసీబీ ఒక్క పూటలో తీసిపారేస్తోంది. శివారోడి పారతో ఎగువోడికి పని లేదు.

లెక్కలమాస్టారు (అమలాపురం)

లస్కరు గారూ, మీ చివరి మాట చదివి లేచి కూర్చున్నాను. ఎలినార్ ఆస్ట్రమ్ నేపాల్లో చూసింది సరిగ్గా ఇదే. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడ.

నేపాల్ కొండ ఊళ్లలో రైతులే నడుపుకునే కాలువలూ ఉన్నాయి, ప్రభుత్వం నడిపేవీ ఉన్నాయి. రైతుల కాలువలకి తలదగ్గర రాళ్లు, కొమ్మలు, మట్టితో కట్టిన అడ్డుకట్టే. ఏటా వరదకి కొట్టుకుపోతుంది, ఏటా అందరూ కలిసి కట్టుకోవాలి. చూడటానికి వెనకబాటు. కానీ శివారుకు నీరందడంలో పక్కా కాంక్రీటు తలలున్న వాటికంటే ఇవే మెరుగ్గా కనిపించాయి. ఆస్ట్రమ్, రాయ్ గార్డ్‌నర్ కలిసి 1993లో దీన్ని ఆటగా రాసి చూపించారు. ఏటా మరమ్మతు కావాలంటే ఎగువవాడికి దిగువవాడి శ్రమ కావాలి. ఆ శ్రమ ఖరీదుగానే దిగువవాడు నీటిని అడగగలడు. బయటి డబ్బుతో పక్కా కట్టడం వచ్చి మరమ్మతు అవసరం పోతే, దిగువవాడి చేతిలో ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

కాంక్రీటు వద్దని నేను అనడం లేదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చెయ్యబట్టే ఈ డెల్టా ఇలా ఉంది, మూడు డెల్టాలు కలిపి 10 లక్షల ఎకరాలు దాని మీద బతుకుతున్నాయి. కట్టడం వచ్చినప్పుడు దానితోపాటు మనుషుల మధ్య బేరం మారుతుంది, దాన్నెవరూ అంచనాల్లో రాయరు. అదే నా బాధ.

శివారుచేను గారూ, ఇందులో ఇంకో సంగతి గమనించండి. నీటి వంతు అసలు ఖైదీల ఆట కాదు. పూడిక తియ్యడం ఆ ఆట, ఇద్దరూ సమానులే అక్కడ. నీటి దగ్గర ఎగువాయన మీ నీరు ఆపగలడు, మీరు ఆయన నీరు ఆపలేరు. దెబ్బకి దెబ్బ అన్నది ఇక్కడ నడవదు, మీ చేతికి ఆయన అందడు.

మాటకౌలు (ఆచంట దగ్గర)

మాస్టారు మళ్లీ పని పడే అవకాశం మూడింట రెండు వంతులు అన్నారు. కౌలు రైతుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా.

నేను చేసేదంతా మాట మీద కౌలు. ఎకరాకి ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటాం, కాగితం ఉండదు. వచ్చే ఏడు ఆ చేను నాదో కాదో ఆసామికే తెలియదు, నాకేం తెలుస్తుంది. ఎక్కువ మక్తా ఇచ్చేవాడొస్తే పోతుంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కార్డు ఇస్తారు, దాని గడువు కూడా 11 నెలలే. ఆ కార్డుకీ ఆసామి సంతకం కావాలి. చాలామంది పెట్టరు.

ఇప్పుడు చెప్పండి, వచ్చే ఏడు ఎవడో దున్నే చేనుకి నేను ఈ ఏడు బోదె ఎందుకు బాగుచెయ్యాలి? నాకు ఇష్టం లేక కాదు. బస్తాల లెక్క నన్ను నిలబడనివ్వదు. ఊళ్లో పెద్దలు మాత్రం "కౌలోళ్లొచ్చాక కట్టుబాట్లు పోయాయి" అంటారు. ఆసామి పట్నంలో ఉంటాడు, ఆయన బోదె మొహం చూసి ఎన్నేళ్లయిందో. కట్టుబాటు తప్పింది ఎవరండీ?

లెక్కలమాస్టారు (అమలాపురం)

మీరు చెప్పినదాంట్లో సవరించడానికి నాకేం లేదండి. లెక్కల భాషలో చెప్పాలంటే మీకూ బోదెకీ మధ్య ఆట ఒక్కసారి ఆటగా మారిపోయింది. తప్పు ఆటగాడిలో లేదు, గడువులో ఉంది.

పొదుపక్క (రాజోలు)

నాకీ లెక్కల పేర్లు తెలియవు గానీ, పొదుపు సంఘం నడుపుతున్నాను, ఇంటి దగ్గర చీటీ కూడా వేస్తాం. నమ్మకం అంటే నాకు చీటీయే గుర్తొస్తుంది. మొదటి నెలలో పాడుకున్న మనిషి డబ్బంతా పట్టుకెళ్లిపోయింది, ఇక మిగతా నెలలన్నీ కట్టాలి. ఎగ్గొడితే ఏం చేస్తాం? కానీ ఎగ్గొట్టరు. ఎందుకంటే రేపు ఇంకో చీటీకి ఆ మనిషిని ఎవరూ చేర్చుకోరు, సంఘంలో లోను రాదు, పెళ్లికి పిలుపు దగ్గర్నుంచీ తేడా వస్తుంది. ఒక్క చీటీ కాదు అది, ఆ మనిషికి ఊళ్లో ఉన్న అన్ని దారులూ ఒక చోట ముడేసి ఉంటాయి.

మా సంఘంలో మీటింగుకి ఆలస్యమైతే 5 రూపాయలు జరిమానా. చిన్నదే. బోదె మీద కూడా అలా పెట్టుకోండి, వంతు తప్పినవాడికి ఇంత అని.

కోటిపల్లిరేవు (హైదరాబాద్)

అక్కా, జరిమానా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో పిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. యూరి గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ 2000లో ప్రచురించారు. తల్లిదండ్రులు సాయంత్రం ఆలస్యంగా వస్తున్నారని కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. అంతకుముందు టీచరమ్మని ఆపేస్తున్నామని మొహమాటపడేవాళ్లు, జరిమానా వచ్చాక డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. తర్వాత జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు.

బోదె మీద తడికింత జరిమానా అంటే, రొక్కం ఉన్న ఎగువాసామి దాన్ని నీటి ధర అనుకుని ముందే కట్టేసి దర్జాగా ఇంజన్ వేస్తాడు.

పొదుపక్క (రాజోలు)

అది నిజమే తమ్ముడూ, అలాగే అవుతుంది. మా దగ్గర ఎందుకు అవ్వలేదో చెప్తాను. ఆ 5 రూపాయలు ఊరికే డబ్బాలో వెయ్యనివ్వం. పుస్తకంలో పేరు రాసి, మీటింగు చివర్లో అందరి ముందూ చదువుతాం. డబ్బుకి కాదు, ఆ చదవడానికి జంకుతారు. రెండోసారి అయితే జరిమానా పెరుగుతుంది, మూడోసారి అయితే ఆ విడత లోను వెనక్కి పోతుంది. ఇల్లు జరగక ఆలస్యమైందని తెలిస్తే చదవం. పిల్లాడికి జ్వరం అయితే మేమే వెళ్లి చూసొస్తాం.

లెక్కలమాస్టారు (అమలాపురం)

ఆస్ట్రమ్ ఎన్నో దేశాల్లో తరాల తరబడి నిలిచిన కట్టుబాట్లని చూసి, వాటిలో ఉమ్మడిగా కనిపించినవి రాసింది. అక్క చెప్పినవి వాటిలో ఉన్నాయి: మొదటి తప్పుకి చిన్న శిక్ష, తర్వాత పెంచుకుంటూ పోవడం, కాపలా కాసేవాడు ఆ సభ్యుల్లో ఒకడో సభ్యులకి జవాబుదారో అవ్వడం, తగాదా వస్తే ఖర్చు లేకుండా దగ్గర్లోనే తీర్చుకునే చోటు ఉండడం. లస్కరు గారి గడ్డిపరక, అక్క పుస్తకం రెండూ అక్కడికే చేరతాయి.

మన తెలుగు ఊళ్లలోనే ఇంకొకటి. రాబర్ట్ వేడ్ అనే ఆయన కర్నూలు జిల్లా కాలువల కింద ఊళ్లు తిరిగి 1988లో పుస్తకం వేశాడు. కొన్ని ఊళ్లు ఉమ్మడి ఖర్చుతో నీరు పెట్టే మనుషుల్ని, పొలం కాపలాదారుల్ని పెట్టుకున్నాయి, పక్కనే కొన్ని ఊళ్లు పెట్టుకోలేదు. తేడా మనుషుల మంచితనంలో కనిపించలేదు. కాలువ చివర ఉండి, నీటి ముప్పు ఎక్కువున్న ఊళ్లే ఎక్కువగా కట్టుబాటు చేసుకున్నాయి. శివారుతనం వల్ల నష్టమే కాదు, ఒకటయ్యే అవసరం కూడా వస్తుంది.

చెరువుగట్టు (భీమవరం)

చదువుతున్నాను అన్నీ. రొయ్యల చెరువులవాళ్ల గురించి ఎవరో ఒకరు తిట్టేలోపు నేనే చెప్తాను.

మాది మొదట వరి చేనే. పక్కాయన చెరువు తవ్వాడు. ఏడాది తిరిగేసరికి నా గట్టు పక్క వరుస వరి ఎర్రబడింది, ఊట ఉప్పు. రెండో పక్క కూడా తవ్వారు. ఇక నా చేనుకి మంచినీటి బోదె కూడా సరిగ్గా రాదు, బోదె మీద ఆధారపడ్డవాళ్లు తగ్గిపోయారు కదా. నేనూ తవ్వాను. వరి మీద ప్రేమ లేక కాదు, ఒంటరిగా వరి వేస్తే మిగిలేది లేదు. తొంభైల్లో తెల్లమచ్చ వైరస్‌తో ఎంతమంది మునిగారో మా నాన్న చెప్పేవాడు, తెలిసీ దిగాను. ఇప్పుడు నా చెరువు వల్ల నా పక్కాయన చేను ఎర్రబడుతోంది. ఆయన మొహం చూడలేక గట్టు మీద ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాను. దీనికి మీ లెక్కల్లో ఏం పేరుంది మాస్టారూ?

లెక్కలమాస్టారు (అమలాపురం)

మీరు ఇంత సూటిగా రాసినందుకు దండమండీ.

ఇది ఖైదీల ఆట కాదు. అక్కడ అవతలాయన మంచిగా ఉన్నా నాకు మోసమే లాభం. మీ దగ్గర అలా లేదు, చుట్టూ వరి ఉంటే మీకూ వరే మేలు, చుట్టూ చెరువులైతే మీకూ చెరువే మేలు. రూసో 1755లో దుప్పి వేట అని ఒక ఉదాహరణ ఇచ్చాడు: అందరూ తమ చోటు వదలకుండా నిలబడితే దుప్పి దొరుకుతుంది, ఒకడు కుందేలు వెంట పరిగెత్తితే మిగతావాళ్లకి దుప్పీ లేదు. ఇక్కడ కావలసింది శిక్ష కాదు, హామీ. పక్కవాడు నిలబడతాడన్న హామీ ఉంటే నేనూ నిలబడతాను. అందుకే ఎకరాకి ఎకరా విడిగా అనుమతులు ఇచ్చుకుంటూ పోతే వరి నిలవదు. ఒక బోదె కింద ఆయకట్టు మొత్తం ఒకటిగా, ఇటా అటా అని ముందే తేల్చుకోవాలి. ఖైదీల ఆటకి రాసే మందు దుప్పి ఆటకి రాస్తే రోగం తగ్గదు.

కౌశికగట్టు (అల్లవరం)

2011 క్రాప్ హాలిడే కూడా ఇదే కోవలోకి వస్తుందా మాస్టారూ? కోనసీమలో దాదాపు లక్ష ఎకరాల్లో సార్వా వెయ్యకుండా ఆపేశాం. గిట్టుబాటు ధర లేదు, కూలీలు దొరకరు, మురుగు దిగదు. బయటివాళ్లు అనుకున్నారు, అందరూ మానేస్తే ఒక్కడు వేసుకుని ఎక్కువ ధరకి అమ్ముకుంటాడు, ఐక్యత ఎన్నాళ్లు నిలుస్తుందని. కానీ పొలం తెలిసినవాడికి తెలుసు. చుట్టూ బీడు ఉండి ఒక్క చేను పచ్చగా ఉంటే ఊళ్లో ఉన్న ఎలుకలూ పిట్టలూ పశువులూ అన్నీ ఆ చేను మీదే. కూలి మేస్త్రి ఒక్క చేనుకి ముఠాని తీసుకురాడు. అందుకని సగం మంది దాటి ఆగాక మిగతావాళ్లు ఆగడం కష్టమేం కాలేదు. కష్టమంతా మొదటి సగం మందిని ఆపడంలోనే. అమావాస్యలకీ పౌర్ణమికీ కూర్చుని, ఊరూరా తీర్మానాలు చదివి వినిపించడం అందుకే. పక్క ఊరు కూడా తీర్మానం చేసిందని చెవిన పడాలి, అప్పుడే గుండె నిలబడుతుంది.

లెక్కలమాస్టారు (అమలాపురం)

అచ్చంగా అంతే. అందరికీ తెలియడమే కాదు, అందరికీ తెలుసునని అందరికీ తెలియడం. తీర్మానం బిగ్గరగా చదివేది దానికే.

మాటకౌలు (ఆచంట దగ్గర)

ఒక్కటి అడుగుతాను. శిక్ష, పుస్తకంలో పేరు, టీకొట్టు దగ్గర మాట అంటున్నారు. నాలాంటివాడు పెద్దాసామిని టీకొట్టు దగ్గర నిలదియ్యగలడా? పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చినప్పుడు ఓటు ఎవరికి పడిందో, కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో అందరం చూశాం.

కోటిపల్లిరేవు (హైదరాబాద్)

అన్నా, ఈ భయం లెక్కల్లో కూడా కనిపించింది. 2000లో ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గ్యాక్టర్ ఒక ప్రయోగం ప్రచురించారు. నలుగురేసి జట్లు, ఒక్కొక్కరి దగ్గర 20 టోకెన్లు, ఉమ్మడి ఖాతాలో ఎంత వేస్తారో వాళ్లిష్టం, అందులో పడింది పెంచి నలుగురికీ సమానంగా పంచుతారు. శిక్ష లేనప్పుడు ఆట సాగేకొద్దీ చాలామంది వెయ్యడం మానేశారు. తమ డబ్బు ఖర్చు పెట్టి ఎగవేతదారుడికి కోత పెట్టే వీలిస్తే, తమకి నష్టమైనా పెట్టారు, సహకారం పెరిగింది. అందరూ దీన్నే చెప్తారు.

కానీ 2008లో గ్యాక్టరే ఇంకో ఇద్దరితో కలిసి 16 చోట్ల అదే ఆట ఆడించాడు. కొన్ని చోట్ల ఎగవేసినవాళ్లే, ఎక్కువ వేసినవాళ్లకి కోత పెట్టారు. అక్కడ శిక్ష వల్ల సహకారం పెరగలేదు. చట్టం మీద నమ్మకం, పన్ను ఎగ్గొట్టడంలాంటివి తప్పన్న పౌర కట్టుబాటు తక్కువున్న చోట్ల ఇది ఎక్కువగా కనిపించింది. కాబట్టి శిక్ష ఉంటే చాలని ఎవరన్నా నమ్మొద్దు. ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

పాతలస్కరు (తణుకు)

అందరూ నీటి దగ్గరే ఆగిపోయారు. మురుగు సంగతి చూడండి.

దాళ్వాలో శివారోడు ఎగువోడి చేతిలో ఉంటాడు, సరే. మరి సార్వాలో? తుపాను వానకి ఎగువ చేలు మునిగితే ఆ నీళ్లు పోవాల్సింది శివారు మీదుగానే. శివారులో పంట మురుగు బోదె నిండా గుర్రపుడెక్క, తూడు. మధ్యలో చేపలకి కట్టిన వలకట్లు. నేల బల్లపరుపు, వాలు అంగుళాల్లో ఉంటుంది. కింద అడ్డుంటే పైదాకా ఎగదన్నుతుంది. యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్లని సర్కారు చూసుకుంటుంది, అక్కడిదాకా చేర్చే చిన్న మురుగు బోదెలు ఎవరివి? శివారోళ్ల చేలగట్ల మీదవి. మిషను అక్కడికి వెళ్లదు, గట్టు మెత్తన, కూరుకుపోతుంది. చేత్తోనే తియ్యాలి. ఎగువోడికి మీ పారతో పని లేదన్నాను ఇందాక. మంచినీటి బోదెలో లేదు. మురుగులో ఇప్పటికీ ఉంది.

లెక్కలమాస్టారు (అమలాపురం)

లస్కరు గారూ! నేను ఇన్నేళ్లు పాఠం చెప్పి ఎవరి నోటా ఇంత చక్కగా వినలేదు.

శివారుచేను గారూ, ఇదే మీకు దారి. రెండు ఆటలున్నాయి. దాళ్వా నీటిలో ఎగువాయనది పైచేయి, సార్వా మురుగులో ఆయనకి మీరు కావాలి. విడివిడిగా ఆడితే రెండింట్లోనూ ఒకరు నష్టపోతారు. ఒకే ఒప్పందంలో కడితే మళ్లీ ఇద్దరూ సమానులవుతారు, అప్పుడు మంచికి మంచి నడుస్తుంది. పొదుపక్క చెప్పిన ముడి అదే. మురుగు అడ్డుకుని పగ తీర్చుకోవడం గురించి కాదు నేను చెప్పేది. అలా చేస్తే ముందు మునిగేది మీ చేలే. ముందుగా మీరే చేసి చూపించాలి, ఆక్సెల్‌రాడ్ పోటీలో గెలిచిన పథకం మొదటి అడుగు మంచితోనే వేసింది. మురుగు తీసే పని సార్వా వానలకి ముందు, నీటి వంతు దాళ్వాలో. ఏడాదికి రెండుసార్లు ఒకరితో ఒకరికి పని పడుతుంది, కాబట్టి గడువు కూడా కలిసొస్తుంది.

శివారుచేను (మొగల్తూరు వైపు)

మీరంతా రాసింది మా అబ్బాయి చేత చదివించి, ఎగువ వైపు పెద్దాయనతో కూడా మాట్లాడాను. మురుగు మాట ఎత్తగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కిందటి తుపానుకి ఆయన చేను పనల మీద మునిగి మొలకెత్తింది, ఆ కోపం ఇంకా ఉంది.

అనుకున్నది ఇది. కాలువలు కట్టేసిన నెలలో శివారు వైపు మురుగు బోదె మేం తీస్తాం, కూలికి అయ్యే డబ్బులో ఎగువవాళ్లు ఎకరాల లెక్కన వేస్తారు. ఆ డబ్బు ఒకేసారి కాదు, సగం అప్పుడు, సగం దాళ్వా మొదటి వంతు మాకు సరిగ్గా అందాక. వంతు రాత్రులు ఎగువ నుంచి ఒకరు, శివారు నుంచి ఒకరు కలిసి తూము దగ్గర ఉంటారు. ఒక్కరే ఉండరు. పొద్దున్నే తూము గోడ ఫోటో బోదె గ్రూపులో పెడతారు, లస్కరు గారు చెప్పిన తడి గీత కనిపించేలా. మొదటిసారి తప్పితే మాట, రెండోసారి అయితే పుస్తకంలో పేరు, ఆ తర్వాత అతని తర్వాతి తడి వెనక్కి. గట్టు బొరియ వల్ల నీరు పోయిందని ఇద్దరు కాపలావాళ్లూ చెప్తే తప్పు కింద రాయం.

మాటకౌలు (ఆచంట దగ్గర)

సంతకాలు ఎవరివి పెడుతున్నారండీ? పాసు పుస్తకంలో పేరున్నవాళ్లవేనా?

శివారుచేను (మొగల్తూరు వైపు)

దాని మీదే నిన్న చాలాసేపు గొడవైంది. చివరికి సర్వే నంబరు ఒక వరుసలో, ఆ ఏడు దున్నేవాడి పేరు పక్క వరుసలో రాస్తున్నాం. వంతు, కాపలా, ఓటు దున్నేవాడివి. మురుగు డబ్బు మాత్రం ఆసామిది, ఎందుకంటే బోదె బాగుంటే వచ్చే ఏడూ లాభం ఆయనదే. కౌలు మారితే బోదె పనికి పెట్టిన ఖర్చు కొత్తగా వచ్చినవాడి దగ్గర్నుంచి ఇప్పించే పూచీ కూడా ఆసామిదే. ఇద్దరు ఆసాములు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు పట్నం నుంచి ఆదివారం వస్తామన్నారు. పొదుపక్కా, పుస్తకం ఎలా గీస్తారో ఒక పేజీ ఫోటో పెట్టగలరా?

పొదుపక్క (రాజోలు)

పెడతాను అన్నయ్యా, పేర్లు మూసేసి సాయంత్రం పెడతాను. పుస్తకం మాత్రం ఒక్కరి ఇంట్లో ఉంచకండి. మేము నెల నెలా ఇల్లు మారుస్తాం.